మూడక్షరాలు

కాసిమేడులో ఐసు ఫ్యాక్టరీ కంప్రెసరు
రాత్రి తొమ్మిదింటికి దగ్గి దగ్గి ఆగింది.
నన్ను పిలిపించారు.
తెనాలి నుంచి మద్రాసొచ్చి అప్పటికి పదకొండు రోజులు.
తమిళంలో వచ్చినవి రెండే మాటలు:
నీళ్ళడగడానికి తణ్ణి,
చాలనడానికి పోదుం.
వాటితోనే బతుకుతున్నాను.

పన్నెండు దాటాక వాల్వు బిగించి
కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని బయటికొస్తే
రేవంతా పట్టపగల్లా ఉంది.
వంజరం, చందువ, నెత్తళ్ళు,
సంతలో ముక్కు మూసుకుని దాటిన పేర్లన్నీ
దీపాల కింద వెండిలా పోసి ఉన్నాయి.

ఆకలి.
మొదటి బండి మీద చేపల వేపుడు.
రెండో బండి మీదా అదే, ఇంకాస్త ఎర్రగా.
మూడో చోట ఇడ్లీలు!
ఆవిర్లలోకి ఆశగా వంగితే
పక్క గిన్నె పులుసులోంచి
ఒక తలకాయ నా వైపు చూసింది.

నాలుగోది గోడకానించిన మెస్సు.
బల్ల తుడుస్తున్న ముసలాయన
నన్ను ఎగాదిగా చూసి అడిగాడు:
"సైవమా?"

ఒళ్ళు ఝల్లుమంది.
అర్ధరాత్రి అన్నం ముందు
ఈయనకి నా మతమెందుకు?
మారేడాకు కూడా మా గడప తొక్కలేదు.
అడ్డంగా తలూపి,
"కాదండీ, వైష్ణవం" అన్నాను,
నొసట లేని నామాన్ని సర్దుకుంటూ.

ఆయన మొహం చేటంతయింది.
ఆకు మీదికి
పొగలు కక్కుతూ రొయ్యల ఇగురు దిగబోయింది.

రెండు చేతులూ అడ్డం పెట్టి
"పోదుం! పోదుం!" అని అరిచాను.
ఒక్క మెతుకు పడకుండానే చాలంటున్న మనిషిని
వంటింట్లోంచి ఇద్దరు తొంగిచూశారు.

ఐసు పెట్టెలు మోసే అరుళప్పన్
పక్కబల్ల దగ్గర టీ తాగుతూ పొలమారేలా నవ్వాడు.
నిజాంపట్నం రేవులో నాలుగేళ్ళు చేశాడట.
"సైవమంటే ఇక్కడ శివుడు కాదు సార్, కూరగాయ."
గోడ మీద సుద్దబోర్డు చూపించాడు.
మూడక్షరాలు, పక్కన ఆకుపచ్చ చుక్క.
కింద ఏమీ రాసి లేదు.

"అయితే సైవమే" అన్నాను.
మా తాతలు పైనుంచి ఏమనుకున్నారో గానీ
పేగులు వెంటనే ఒప్పుకున్నాయి.

"మా ఇంటికి రండి. నలభై రోజులు మాకూ నీసు లేదు.
తవక్కాలం."
సిలువకి ముందు రోజులట.
నడుస్తూ ఆ మాటని నోట్లో తిప్పుకున్నాను.
తపస్సు, ఉప్పుగాలికి నాని, తవం.
ముందు నడుస్తున్న అతని చొక్కా మీంచి
చేపనీళ్ళు కారుతున్నాయి.
రోజూ ఇంత చేప మోస్తూ ముట్టకుండా ఉన్నాడు.
నేను ముట్టకపోవడానికి
నేను చేసిందేముంది, పుట్టడం తప్ప?

ఫిలోమినా ములక్కాడ పులుసు వెచ్చబెట్టింది.
చల్లన్నం, అప్పడం, ఉప్పుమిరపకాయ.
"కొత్త గిన్నె" అంది,
నేనడక్కుండానే.
అడగబోయానేమో, తెలీదు.
మూడుసార్లు వడ్డించుకున్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే అరుళప్పన్ అన్నాడు:
"మీరుండేది మైలాపూర్ కదా సార్.
మా జెసింత కాలేజీ అక్కడే. రెండు బస్సులు మారుతోంది.
చిన్న గదేదైనా ఉంటే..."

మేడ మీది గది ఖాళీగానే ఉంది.
గేటుకి అద్దె రేకు వేలాడుతోంది.
రోజూ తలుపు తీస్తూ చూసేదే.
చివర మూడక్షరాలు, పక్కన ఆకుపచ్చ చుక్క.
చదవడం రాక ఇన్నాళ్ళూ
ఇంటివాళ్ళ పేరనుకున్నాను.

ఫిలోమినా తువ్వాలు పట్టుకుని నిలబడింది.
తలుపు వెనక జెసింత గాజుల చప్పుడు ఆగింది.

"తణ్ణి" అన్నాను.

అరుళప్పన్ లేచి
గ్లాసు నిండా తెచ్చి ఇచ్చాడు.